శుక్రవారం ఆరాధన చెల్లదన్న ఉత్తరం

సౌదీలోని జిజాన్‌లో మేం పనిచేసిన ప్రైవేటు క్లినిక్‌కి సెలవు శుక్రవారమే. ఆదివారం డ్యూటీ తప్పదు. అందుకని కోస్తా నుంచి వచ్చిన నర్సులం కొందరం శుక్రవారాల్లో మా గదిలో చేరి, తలుపు గడియ పెట్టుకుని, పక్క ఫ్లాటుకు వినపడకుండా ఆరాధన చేసుకునేవాళ్ళం. గుసగుసల్లో పాడినా ప్రభువు వింటాడనే మా నమ్మకం. నా రూమ్మేట్ ఊళ్ళోని పాస్టరు అయ్యగారికి ఆ నమ్మకం లేదు.

వాళ్ళ సంఘంలో వరసగా ఆదివారాలు మానేసినవాళ్ళకి ప్రభువు బల్ల ఇవ్వరు. సెలవుకి వెళ్ళినప్పుడు ఆమెను వెనక చాప మీద కూర్చోబెట్టి, రొట్టె పళ్ళేన్ని ఆమె ముందునుంచే దాటించారట. పుట్టి పెరిగిన సంఘం. తిరిగొచ్చాక ఆమెకు అన్నం సయించలేదు. శుక్రవారం ఆరాధన లెక్కలోకి వస్తుందా అని అయ్యగారిని వాట్సాప్‌లో అడిగింది. సిద్ధాంతాలు ఫోన్లో తేలవని ఆయన జవాబు. మందిరానికి ఫ్యాన్లు కావలసినప్పుడు మాత్రం ఆ ఫోనే దివ్యంగా పనిచేసింది.

కొన్నాళ్ళకు ఊరి నుంచి వచ్చిన మరో నర్సు, ఆయన స్వహస్తంతో రాసిన ఉత్తరం ఆవకాయ డబ్బాల మధ్య పెట్టుకుని తెచ్చింది.

"నువ్వే చదువక్కా, నాకు భయమేస్తంది," అంది నా రూమ్మేట్.

చదివాను. మోషే దగ్గర మొదలుపెట్టి, తీరిగ్గా మా గది దాకా వచ్చాడు. "శుక్రవారము లోకసంబంధమైన సెలవు. ఆ దినమున ఎంత పాడినను ఆరాధన కాజాలదు. నీ యజమానుని అడిగి ఆదివారము సెలవు పొందుము." చర్చికెళ్ళాలి, సెలవివ్వండి అని మా వీసాలు చేతిలో ఉన్న కఫీల్‌ని అడగాలట, అదీ సౌదీలో! అడుగున, మందిరానికి కీబోర్డు అవసరత ఉన్నదని మరో ముక్క. ఆదివారం డ్యూటీ చేసిన జీతంతో కీబోర్డు కొనొచ్చా అన్న ధర్మసందేహం ఆయనకు రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఏడాదే స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ చట్టం బిగిసింది. సౌదీవాళ్ళకు చాలినన్ని ఉద్యోగాలివ్వలేదని మా క్లినిక్‌ని రెడ్ జాబితాలో పెట్టారు. విదేశీ పనివాళ్ళ మీద వేసే లెవీలు కూడా మీదపడేసరికి మేనేజరు మాలో చాలామందికి ఉద్యోగం తీసేసి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. అందులో ఆమె ఒకతె. అయ్యగారు అడుక్కోమన్న ఆదివారాలన్నీ సౌదీ ప్రభుత్వమే అడక్కుండా ఇచ్చేసింది.

ఊరెళ్ళి కొన్ని వారాలయ్యాక ఫోన్ చేసింది.

"బల్ల ఇచ్చారా?" అన్నాను, అన్నిటికన్నా ముందు.

"ఇచ్చారక్కా. ముందు వరసలో కూర్చోబెట్టారు." గొంతులో సంతోషం లేదు. "తర్వాత అయ్యగారు నా తల మీద చెయ్యేసి, మైకులో ప్రార్థన చేశారు."

"ఏమని?"

"ఈ సహోదరికి గల్ఫు ద్వారం మళ్ళీ తెరువు ప్రభువా అని. సంఘమంతా ఆమేన్ అంది."

"మరి నువ్వు?"

"నేను నోరిప్పలేదక్కా."