చివరి అధ్యాయం లేని మట్టిబొమ్మ నవల

లింగసుగూరు నుంచి రాయచూరులోని ఒక శాఖా గ్రంథాలయానికి నన్ను బదిలీ చేసింది ఒక జూన్ నెలలో, నా పదవీ విరమణకు ఆరేళ్ల ముందు. హోదా ద్వితీయ శ్రేణి గ్రంథపాలకుడు. తాళం తీయడం నుంచి నెలవారీ నివేదిక పంపడం దాకా అన్నీ నేనే చూసుకోవాలి. సాయానికి ఒక అటెండరు ఉండేవాడు.

చేరిన వారంలోనే బెంగళూరు నుంచి ఒక వైద్యుడి కుటుంబం రెండు పెట్టెల ఇంగ్లీషు పుస్తకాలు విరాళంగా పంపింది. ఏ పుస్తకాన్నయినా చేర్పు రిజిస్టరులో ఎక్కించే ముందు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరస సరిచూడాలి. మా వృత్తిలో అన్నిటికంటె ముందు నేర్పే పని అదే. ఆ రోజు వాన కురుస్తోంది, పెట్టెలు తడుస్తున్నాయి. నేను అట్టలు చూసి ముద్రలు వేసేశాను. ఒక పుస్తకం మీద హీబ్రూ అక్షరాలుంటే మతగ్రంథమనుకుని ఆ బీరువాలో పెట్టాను. తర్వాత తిరగేస్తే అది హాస్యంగా రాసిన అపరాధ పరిశోధక నవల. నంబరు మార్చి నవలల్లోకి చేర్చాను.

మార్కెట్లో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ల పెద్ద కోడలు సుభద్రమ్మగారు రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చేవారు. మా దగ్గరున్న తెలుగు డిటెక్టివ్ నవలలన్నీ రెండేసి సార్లు చదివేశారు. కొత్తవేమన్నా వచ్చాయా అని అడిగితే ఈ నవల సంగతి చెప్పాను, ఇంగ్లీషులో ఉందని కూడా చెప్పాను.

"మీరు చదివి చెప్పుండ్రి సార్. నాకు కథ గావాలె, అచ్చు ఎందుకు?" అన్నారు.

అలా రోజుకో అధ్యాయం మొదలైంది. కరీం సాబ్ అనే రిటైరైన దర్జీ రోజూ ఉర్దూ పత్రిక కోసం వచ్చి కూర్చునేవారు. అప్పటికే కళ్లు మసకబారి అక్షరాలు ఆనేవి కావు. రెండో రోజుకు ఆయన కుర్చీ కూడా మా బల్ల దగ్గరికి జరిగింది.

కథ ఒక చలిదేశంలోని చిన్న ఊళ్లో జరుగుతుంది. అక్కడి యూదుల ప్రార్థనామందిరం అటక మీద పెట్టెలో ఒక మట్టిబొమ్మ ఉంటుంది. వెనకటి గురువొకాయన దాని నుదుట అక్షరాలు రాసి నడిపించాడని ఊరి నమ్మకం. ఒకనాడు చూస్తే పెట్టె ఖాళీ. మర్నాటి నుంచి ఇళ్లలో రొట్టెలు, ఊరగాయ జాడీలు మాయం. బొమ్మ లేచి తిరుగుతోందని అందరికీ వణుకు. దొంగను పట్టవలసిన ఇప్పటి గురువేమో దేవుడి కంటె భార్యకు ఎక్కువ భయపడే మనిషి. దొంగతనం జరిగిన ప్రతి చోటా ఒక చీటీ దొరుకుతుంది. దాని మీద పద్దెనిమిది అనే అంకె తప్ప మరేమీ ఉండదు.

సృష్టి అక్షరాల నుంచే పుట్టిందనీ, ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉందనీ చెప్పే వాళ్ల మార్మిక విద్యను ఎలా వివరించాలా అని నేను తడుముకుంటున్నాను. కరీం సాబ్ చెయ్యెత్తారు.

"మాకు గూడ ఉన్నది సాబ్ గా లెక్క. బడీ హే అనే అక్షరానికి ఎనిమిది, యే అక్షరానికి పది. రెండు కలిపితే పద్దెనిమిది, హయ్ అనే మాట. హయ్ అంటే బతికున్నోడు."

రెండు అధ్యాయాల తర్వాత నవలలోని గురువు తన భాషలో సరిగ్గా అదే మాట దగ్గరికి వచ్చాడు. "మన చాచా ముందుగాలనే పట్టిండు!" అని సుభద్రమ్మగారు బల్ల చరిచారు.

చివరి రోజున గురువు ఊరందరినీ కూర్చోబెట్టి, దొంగ పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. నేను పేజీ తిప్పాను. ఆ తర్వాత అట్ట తప్ప ఏమీ లేదు. చివరి అధ్యాయం ఎప్పుడో ఊడిపోయింది. ఎదురుగా ఇద్దరూ కళ్లార్పకుండా చూస్తున్నారు. నాకు ముద్రలు వేసిన రోజు గుర్తొచ్చి సిగ్గేసింది. నిజం చెప్పలేక, పుస్తకం వైపే చూస్తూ, దొంగ మందిరంలో వంటమనిషి అని కల్పించి ముగించాను.

సుభద్రమ్మగారు ఒప్పుకోలేదు. "వంటామె అయితే చీటీ ఎందుకు రాస్తది సార్? ఎవడో నేను బతికున్ననని చెప్తుండు గద. గిట్ల ఎట్ల అయితది? ఏది, సార్, ఆ పేజీ చూపించుండ్రి."

చూపించక తప్పలేదు. ఆవిడ నవ్వేశారు. కరీం సాబ్ మాత్రం చివాలున లేచి గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు, ఆ వారమంతా రాలేదు. మస్కిలో కూతురింటికి వెళ్లారని అటెండరు కనుక్కొచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక పాఠకుణ్ణి నా మాట వల్ల పోగొట్టుకోవడం అదే మొదలు. చాలా రోజులు ఆ కుర్చీ వైపు చూడబుద్ధి కాలేదు.

ఒక గ్రంథాలయంలో లేనిదాన్ని మరొక గ్రంథాలయం నుంచి తెప్పించుకునే పద్ధతి మాకు ఉంది. పై కార్యాలయం ద్వారా నాలుగు చోట్లకు రాశాను. మూడు చోట్ల లేదన్నారు. దాదాపు మూడు నెలలకు హైదరాబాదు నుంచి పద్నాలుగు పేజీల జిరాక్సు వచ్చింది. కవరు చూడగానే సుభద్రమ్మగారు చెవులు మూసుకున్నారు.

"ముందు చాచాకు చెప్పి రాండ్రి. నేను సోమారం వింట."

ఆదివారం మస్కి బస్సెక్కాను. కరీం సాబ్ నల్ల కళ్లద్దాలతో గడప దగ్గర కూర్చుని ఉన్నారు. నా గొంతు వినగానే లేవబోయారు. నేను క్షమాపణ మొదలుపెట్టేసరికి ఆపేశారు.

"కండ్ల ఆపరేషన్ కని బిడ్డ మర్నాడే తోల్కొచ్చింది సాబ్. రెండో కన్నుకు పోయిన వారమే చేసిండ్రు. మీరు అబద్ధమాడిండ్రని గాదు నేను లేచింది. అంత మంచి కథ గంత చెత్తగ అయిపోయిందేంది అని కోపమొచ్చింది."

పద్నాలుగు పేజీలూ చదివి వినిపించాను. దొంగ, ఏట్లో కొట్టుకుపోయాడని ఊరంతా అనుకున్న గడియారాల మరమ్మతు మనిషి. ఒకేసారి రెండిళ్లలో పెళ్లికి మాటిచ్చి, తప్పించుకోను దారిలేక అటకెక్కాడు. చీటీలు చెల్లెలి కోసం, తాను బతికే ఉన్నానని తెలియాలని.

"మరి బొమ్మ ఏమయింది?" అని కరీం సాబ్ అడిగారు.

చీకట్లో దాని మీద పడి పగలగొట్టాడనీ, ఆ మట్టితోనే అటక చిల్లులు పూడ్చుకున్నాడనీ చెప్పాను. ఆయన నవ్వు విని లోపలి నుంచి కూతురు పరుగెత్తుకొచ్చింది, కుట్లు కదులుతాయని కోప్పడుతూ.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పేజీల వరస చూడకుండా ఏ పుస్తకాన్నీ రిజిస్టరులో ఎక్కించలేదు. పాఠకుడు అడిగింది మన దగ్గర లేనప్పుడు లేదని చెప్పాలి, ఎక్కడుందో వెతికి తెప్పించాలి. గ్రంథపాలకుడి పని అంతవరకే. కథకు ముగింపు రాయడం వేరేవాళ్ల పని. అది నాకు చేతకాదని కరీం సాబ్ మొహం మీదే చెప్పారు, ఆయన చెప్పింది నిజమే.