ఈశాన్యంలో నది

వాన వెలిసిన మర్నాడు మా పక్క ఊరు పార్సిప్పనీ దాటగానే కారు ఏసీలోంచి బురద వాసన కొడుతుంది. నది ఒడ్డు బురద. దీన్ని సీసాల్లో పట్టి అమ్మితే అమెరికాలోని తెలుగువాళ్లందరూ క్యూ కడతారని నా అంచనా. నాకు మాత్రం అది తగిలిన ప్రతిసారీ లలితగారు గుర్తొస్తారు.

లలితగారు నా మొదటి మేనేజరు. గోదావరి లంకలో పుట్టిన మనిషి. ఆవిడ గొంతు విప్పితే పై అంతస్తులోని ప్రింటరు కూడా సర్దుకుని కూర్చునేది. మధ్యాహ్నం భోజనం కాగానే టీమందరినీ ఆఫీసు వెనకున్న నది దగ్గరికి నడిపించేవారు. ఓ ఎండుటాకు నీళ్లలో వేసి, "ఎటు పోతోందో చూడండర్రా" అనేవారు. ఆకు ఎప్పుడూ వంపు బయటి ఒడ్డును రాసుకుంటూ పరుగెత్తేది. "అటు కోస్తుంది, ఇటు మేట వేస్తుంది. నది పని ఇంతే." మేం అర్థమైనట్టు తలలూపేవాళ్లం. అప్రైజల్స్ దగ్గరపడితే ఇంకా గట్టిగా ఊపేవాళ్లం.

ఆ రోజుల్లోనే మాకో ఇల్లు దొరికింది. ఇల్లా అది! తూర్పు ముఖం, ఈశాన్యంలో గలగలా నది. ఆ వాస్తు చూస్తే దేవతలే వీసాకి అప్లై చేసుకుంటారు. ఫోటోలు చూసి హైదరాబాదులోని సిద్ధాంతిగారు ఫోన్లోనే చేతులు జోడించారట. అపార్ట్‌మెంట్లో పైవాళ్ల అడుగుల చప్పుడుతో ఏళ్ల తరబడి వేగిపోయిన నా భార్య పద్మ అప్పటికే కర్టెన్ల రంగు ఖాయం చేసేసింది. అడ్వాన్సు ఇచ్చేముందు మర్యాదకి లలితగారిని తీసుకెళ్లాం.

ఆవిడ ఇంట్లోకే రాలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్లి నదిలో ఆకు వేశారు. అది మా పెరటి గట్టునే ఒరుసుకుంటూ పోయింది. చెట్ల మొదళ్ల మీద నడుమెత్తున ఎండిన బురద చార చూపించారు.

"ఈశాన్యంలో నీళ్లుండాలి గానీ, హాల్లో ఎందుకయ్యా?"

"సిద్ధాంతిగారు అద్భుతమన్నారండీ," అంది పద్మ.

"మా తాత పొలానికీ అన్నీ కుదిరాయమ్మా. ఆయన చూస్తుండగానే గట్టు విరిగి గోదాట్లో కలిసింది. అవతల ఇసుకమేటై లేచింది. అక్కడివాళ్లు దోసపాదులు పెట్టుకున్నారు. నదిని తిట్టలేం తల్లీ. అది కదులుతుంది. మనమే జరగాలి."

పద్మ కొన్నాళ్లు నాతో కళ్లతోనే మాట్లాడింది, అవీ మంచి మాటలు కావు. చివరికి గుట్ట మీద దక్షిణముఖం ఇల్లు కొన్నాం. సిద్ధాంతిగారు మా ఫోన్ ఎత్తడం మానేశారు.

కొన్నేళ్లకు తుఫానొచ్చింది. నది మేం వదులుకున్న ఆ ఇంటి హాల్లోకి చెప్పులు విప్పకుండా వచ్చేసింది. అదృష్టం, కొనుక్కున్నవాళ్లు ముందే బయటపడ్డారు. తర్వాత ప్రభుత్వం ఆ వీధి ఇళ్లు కొని, పడగొట్టి, పొంగినప్పుడు నది పరుచుకోవడానికి గడ్డిమైదానం చేసింది. ఆ వార్త చెబితే లలితగారు "నేను చెప్పలేదూ" అనలేదు. "పాపం, ఆ ఇంటావిడ ఏ రంగు కర్టెన్లు వేసుకుందో" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. వేసవి ఆదివారాలు మేం ఆ గడ్డి మీదే, మా పూజగది ఉండాల్సిన చోట, పులిహోర తింటాం. దుప్పటి పరిచేముందు నేను నదిలో ఆకు వేస్తాను.

"నాన్నా, సీరియస్లీ? జస్ట్ పిక్నిక్!" అంటుంది మా అమ్మాయి.

పద్మ మాత్రం ఆకు ఎటు పోయిందో చూసి, దుప్పటిని తనే నాలుగడుగులు పైకి లాగుతుంది.