తలుపు తట్టిందెవరు?

లిఫ్టు మెకానిక్కుకి సినిమా పిచ్చి ఉండకూడదని ఏ చట్టంలోనూ రాసిలేదు. ఉంటే మాత్రం ఫోను ఊరుకోదు. మన మెకానిక్కు చూసిన సినిమాలన్నిటికీ మొదలుంది, కొన్నిటికి మధ్య కూడా ఉంది, చివర ఉన్నవి బహు అరుదు. హీరో విలన్ని పట్టుకునే వేళకి ఏదో అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటారు. ఈయన లేచి వెళ్తాడు. అందుకే తోటివాళ్ళు ఆయనకి ‘సగం బొమ్మ’ అని బిరుదిచ్చారు. శాలువా ఒక్కటే తక్కువ.

పోనీ కూర్చున్న ఆ సగం సేపైనా కుదురుగా కూర్చుంటాడా అంటే అదీ లేదు. ఫోను ఎప్పుడు మోగుతుందోనని కుడికాలు ఊగుతూనే ఉంటుంది. కొత్త హాళ్ళలో కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కనక, భూకంపాల ప్రసక్తి లేని ప్రేమకథల్లో కూడా ఆయన వరసలోని వారికి ఆ అనుభవం దక్కుతుంది. కొత్త సినిమాలంటే ఆయనకి ఇష్టమే. వాటిలో కెమెరా కూడా తనలాగే ఒకచోట నిలవదు. పాతవంటే ప్రాణం. వాటిలో మనిషి మేడ దిగాలంటే అన్ని మెట్లూ దిగుతాడు, లిఫ్టు ఎక్కడు.

చూసిన సగాలేమీ వృథా పోలేదు. లోపల ఇరుక్కున్నవాళ్ళు కంగారుపడకుండా తలుపు బయట నిలబడి ఏదో ఒక సినిమా కథ చెబుతూ పని చేసుకోవడం ఆయన పద్ధతి. తలుపు తెరుచుకోగానే కథ ఆగిపోతుంది. చివర చెప్పమని ఇంతవరకూ ఎవరూ నిలబడి అడగలేదు.

ఒక్క బొమ్మ మాత్రం ఆయన్ని పీక్కుతినేది. కుర్రతనంలో చూసిన నలుపు తెలుపు బొమ్మ. ఓడెక్కి వెళ్ళిపోయిన మొగుడి కోసం ఒక ఇల్లాలు కిటికీలో దీపం పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. చివర్లో ఎవరో తలుపు తడతారు. ఆవిడ లేస్తుంది. సరిగ్గా అప్పుడే హాల్లో కరెంటు పోయింది. ఆ తర్వాత ఆ సినిమా ఎక్కడా దొరకలేదు. ఎన్నో తలుపులు తెరిచిన మనిషికి అదొక్కటీ మూసే ఉండిపోయింది.

ఇన్నాళ్ళకి, ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత హాల్లో ఆ బొమ్మ ఒకే ఒక్క ఆట వేస్తున్నారు. ఆ రోజు డ్యూటీ ఈయనదే.

“ఫోను ఇంట్లో పడేసి వెళ్ళండి,” అంది భార్య.

“ఎవరన్నా ఇరుక్కుంటే?”

“ఇరుక్కున్నవాళ్ళు ఎటూ పోరుగా.”

ఈ వాదనలో తప్పు పట్టలేకపోయినా ఫోను జేబులోనే పెట్టుకెళ్ళాడు.

తెరమీద దీపం రెపరెపలాడింది. ఎవరో తలుపు తట్టారు. జేబులో ఫోను వణికింది. పెద్దావిడ ఒక్కతే లోపల ఉండిపోయిందనీ, ఊపిరాడట్లేదంటోందనీ వాచ్‌మన్ గొంతు. తెరమీది ఇల్లాలికన్నా ముందు ఈయన లేచాడు.

లిఫ్టు అంతస్తుకి ఒక అడుగు కిందుగా ఆగివుంది. కరెంటు ఆపించి, మూడు మూలల తాళంచెవి తలుపు కన్నంలో పెట్టి, అలవాటు చొప్పున మొదలుపెట్టాడు.

“భయపడకండమ్మా. ఓ కథ చెబుతాను వినండి. ఒకావిడ కిటికీలో దీపం పెట్టుకుని...”

“మొగుడు ఓడెక్కి పోతాడు, అదేగా? నా పెళ్ళికి ముందు చూశాను,” అంది లోపలి గొంతు.

తాళంచెవి మీద చెయ్యి బిగుసుకుపోయింది. తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే కథ ఆగిపోతుంది. ఆ నియమం ఆయన స్వయంగా పెట్టిందే.

“చివర్లో తలుపు తడతారు కదండీ. తరవాత?”

“తియ్యదు.”

“తియ్యదా?”

“తియ్యదు నాయనా. ఇన్నేళ్ళు రానివాడు ఇప్పుడొస్తే ఎంత, రాకపోతే ఎంత అని దీపం ఆర్పేసి పడుకుంటుంది.”

“ఆవిడ తియ్యకపోతే పోయింది,” అన్నాడు వెనకనుంచి వాచ్‌మన్, “మీరు తియ్యండి సార్.”

తీశాడు. పెద్దావిడ సంచి ఈయన చేతికిచ్చి, భుజం పట్టుకుని, అడుగు పైకెక్కి నిలబడింది.

“నిజంగా అంతేనాండీ?”

“నాకెక్కడ గుర్తుంది నాయనా? నేనైతే తియ్యను. అందుకని అలా చెప్పాను,” అంటూ సంచి అందుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఈయన పరుగున హాలుకి వచ్చేసరికి దీపాలు వెలిగించి ఊడుస్తున్నారు. చివర ఏమైందని అడిగితే, ఊడ్చే మనిషి తను సినిమాలు చూడనని గర్వంగా చెప్పాడు.

ఇంట్లో భార్య మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఈయన పక్కనే కూలబడ్డాడు.

“ఇవాళన్నా చివర చూశారా?”

“చూశాను,” అన్నాడు. “తలుపు తియ్యలేదు. దీపం ఆర్పేసి పడుకుంది.”

“మంచి పని చేసింది.” రెండు చొక్కాలు మడిచాక ఆవిడ చెయ్యి ఆగింది. “అయినా తలుపే తియ్యకపోతే, వచ్చింది మొగుడేనని ఎలా తెలిసిందండీ? పక్కింటివాళ్ళేమో.”

ఆయన కుడికాలు కదిలింది. మంచం మీద మడిచిపెట్టిన బట్టల దొంతర మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.