పటంలో లేని కిటికీ

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను. నా భార్య సుగుణ పోయాక కూడా ఆ విషయంలో మారలేదు. ఆవిడ కలలో కనిపించిందా అని చుట్టాలు అడిగేవారు. లేదనే చెప్పేవాణ్ణి. నిజంగానే లేదు. ఇది రాయడానికి ఇన్నాళ్ళు తటపటాయించింది కూడా అందుకే.

రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. సుగుణ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసింది. ఆవిడ పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, విదేశాల్లో ఉద్యోగాలకు వెళ్ళే నర్సు పిల్లలకు అక్కడ అడిగే ఇంగ్లీషు పరీక్ష కోసం పాఠాలు మొదలుపెట్టాను.

ఆ పరీక్షలో ఒక రకం ప్రశ్న ఉంటుంది. ఒక భవనం పటాలు రెండు ఇస్తారు. ఒకటి మార్పులకు ముందుది, రెండోది తరువాతది. ఏ గోడ పోయింది, ఏ తలుపు కొత్తగా వచ్చింది, కనిపించింది కనిపించినట్టు రాయాలి. పటంలో లేనిది రాస్తే తప్పు. మన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ఈశాన్యంలో ఉన్న మరుగుదొడ్డి రెండో పటంలో లేకపోతే, వాస్తు బాగాలేక తీసేశారని కారణం కూడా రాసేస్తారు. కారణాలు మనకెందుకమ్మా అని చెప్పి చెప్పి విసిగిపోయేవాణ్ణి.

చేరే పిల్లల సంఖ్య పెరిగింది. పాఠాలకు హాలు చాలలేదు. నాకు భోజనం క్యారేజీలో వస్తోంది, వంటిల్లు వాడటం లేదు. అందుకని వంటింటికీ పడకగదికీ మధ్య గోడ తీయించి ఒకే పెద్ద గది చేద్దామనుకున్నాను. సూర్రావు మేస్త్రి వచ్చి చూసి, సోమవారం పని మొదలుపెడతానన్నాడు.

ఆ గోడ గురించి చెప్పాలి. సుగుణ చివరి నెలల్లో మంచం దిగలేకపోయింది. నాకు వంట రాదు. ఆవిడ గదిలోంచి చెప్పేది నాకు వినపడేది కాదు. అప్పుడు ఈ సూర్రావు చేతే ఆ గోడకు చిన్న కిటికీ కొట్టించాను. ఊచలు లేవు, రెక్కలు లేవు. తలగడ మీద నుంచి చూస్తే ఆవిడకు పొయ్యి కనిపించేది. నేను తాలింపు వేసి వెనక్కి గెంతితే, "అవి ఆవాలండీ, పాములు కావు, ముందుకు రండి" అని నవ్వేది. మా కాపురం మొత్తంలో మేము ఎక్కువగా మాట్లాడుకున్నది ఆ నెలల్లోనే.

ఆవిడ పోయాక, పొయ్యి దగ్గర నిలబడితే అందులోంచి ఖాళీ మంచం కనిపించేది. తట్టుకోలేక మూయించాను. ఇటుక పేర్చి, సిమెంటు పూసి, రెండు గదులకూ రంగులు వేయించాను. చెప్తే తప్ప అక్కడ కిటికీ ఉండేదని తెలియదు. పాఠాలు మొదలుపెట్టింది ఆ తరువాతే. పిల్లలు హాలు దాటి లోపలికి వచ్చేవారు కాదు.

గోడే లేకపోతే ఇక గుర్తు రాదని ఒకసారి అనిపించేది. పడగొట్టాక మళ్ళీ కావాలన్నా రాదని ఇంకోసారి. ఆ వారమంతా మేస్త్రికి ఫోన్ చేసి వద్దందామా అని అనుకుంటూనే ఉన్నాను, చేయలేదు.

ఆ శనివారం పిల్లలకు అభ్యాసానికి ఒక పటం కావలసి వచ్చింది. కొత్తది ఊహించే ఓపిక లేక మా ఇల్లే గీశాను. ఇప్పుడున్నట్టు ఒకటి, గోడ తీశాక ఉండబోయేట్టు ఒకటి. ఎవరి ఇల్లో చెప్పలేదు. ఆ గోడను స్కేలు పెట్టి ఒకే గీతగా గీశాను. గదులకు పేర్లు రాశాను, సామాను ఏదీ గీయలేదు. వీధి చివర జిరాక్సు తీయించి పంచాను.

ప్రశాంతి అనే అమ్మాయి కొవ్వూరు నుంచి బస్సులో వచ్చేది. చేరి ఇంకా నెల కాలేదు. తక్కువ రాస్తుంది, రాసింది తప్పు పోదు. ఆమె జవాబు దిద్దుతుంటే మధ్యలో ఈ వాక్యాలు కనిపించాయి. ఇంగ్లీషులో రాసిందానికి అర్థం ఇది: "వంటింటికీ పడకగదికీ మధ్య గోడ తీసేశారు. మంచం మీదున్న మనిషి వంట చేసే మనిషితో మాట్లాడటానికి ఆ గోడలో ఒక చిన్న కిటికీ ఉండేది. అది కూడా పోయింది."

పెన్ను కింద పెట్టాను. ముందు నన్నే అనుమానించి నా పటం తీసి చూశాను. తరువాత, జిరాక్సులో గీత చెరిగిందేమోనని ఆమె కాగితం తెమ్మన్నాను. గీత ఎక్కడా తెగలేదు.

"కిటికీ ఎక్కడ చూశావమ్మా?" అని అడిగాను.

ఆమె పటం మీద వేలు పెట్టబోయి ఆగింది. "ఇక్కడే ఉందండి సార్. ఉంటేనే కదండీ రాశాను." మళ్ళీ చూసింది. "సారీ అండి. ఏదో అనుకుని రాసేసుంటాను."

పక్కనున్న అమ్మాయి, నైట్ డ్యూటీలు చేసి చేసి దీనికి గోడల్లో కిటికీలు కనిపిస్తున్నాయండి అని ఏడిపించింది. అందరూ నవ్వారు. ప్రశాంతి కూడా నవ్వింది.

సుగుణను ఎరుగుదువా అని అడిగాను. ఎరగనంది. చదివింది ఏలూరులో, పని చేస్తున్నది కొవ్వూరులో. సూర్రావుది ధవళేశ్వరం, అతని పేరు కూడా ఆమె వినలేదు. పడకగది అన్నాక మంచం ఉంటుంది, అది ఊహించవచ్చు. పొరపాటున కిటికీ కూడా ఊహించవచ్చు. ఆ కిటికీ ఎందుకోసమో ఎలా ఊహించింది?

కానీ దిద్దడం నా పని. ఆమెకు పరీక్ష దగ్గర పడింది. లేనిది రాస్తే మార్కులు పోతాయని తెలియాలి. కిటికీ గురించిన మాటల మీద ఎర్ర గీత గీశాను. 'అది కూడా పోయింది' అన్నది ఇంకోసారి చదివి, దాన్నీ కొట్టేశాను.

మర్నాడు సూర్రావుకు ఫోన్ చేశాను. గోడ ముట్టుకోవద్దు, కిటికీ ఒక్కటీ మళ్ళీ తెరవమన్నాను. "మూయించిందీ మీరే, తెరిపించేదీ మీరే. పోన్లెండి మాస్టారూ, అమ్మగారి కిటికీ కదండీ. అంచులు విరక్కుండా తీస్తాను" అన్నాడు. అలాగే తీశాడు. పాఠాలు ఇప్పటికీ హాల్లోనే ఇరుక్కుని సాగుతున్నాయి.

ప్రశాంతి పరీక్ష పాసైంది. ప్రయాణానికి ముందు చెప్పి వెళ్దామని వచ్చింది. మంచినీళ్ళిద్దామని లోపలికి పిలిచాను. పడకగదిలో ఆగి గోడ వైపు చూసింది.

"కొత్తగా పెట్టించారాండి?"

"పాతదేనమ్మా."

ఆమెకు ఏమీ గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. మంచం పక్కన వంగి, తలగడ ఎత్తుకు తల దించి, అందులోంచి చూసింది. అలా ఎందుకు వంగిందో అడగలేదు.

"పొయ్యి బాగా కనిపిస్తోందండి సార్" అంది.

అవునన్నాను. ఆ పిల్ల జవాబులోకి మా ఇంటి కిటికీ ఎలా వచ్చిందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.