పంతొమ్మిది కాలమ్‌ల రైఫిల్

"పెళ్లిచూపుల్లో మీరు నన్ను చూసింది ఇరవై నిమిషాలు. ఈ తుపాకీని పద్నాలుగు నెలల నుంచీ చూస్తున్నారు," అంది మా ఆవిడ ఒక ఆదివారం, పప్పులో తాలింపు పెడుతూ. ఎదురుగా కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి తల ఎత్తకుండానే, "డాడ్, ఆర్ యూ గోయింగ్ టు మ్యారీ ఇట్?" అంది. మా ఇంట్లో నాకు ఎప్పుడూ గౌరవానికి లోటు లేదు.

డైనింగ్ టేబుల్ మీద నా ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో నేను తయారు చేసిన స్ప్రెడ్‌షీట్, దానికి పంతొమ్మిది కాలమ్‌లు. ఎడ్మంటన్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందు నాకు తెలిసిన తుపాకీ ఒక్కటే, మా ఊరి బ్యాంకు వాచ్‌మన్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేది. అలాంటి నాకు లైసెన్సు ఇచ్చారు ఇక్కడి ప్రభుత్వం వారు. కోర్సుకి వెళ్లాను, పరీక్ష రాశాను, తొంభై ఏడు మార్కులు వచ్చాయి. మార్కులు వచ్చాయంటే విద్య వచ్చినట్టే కదా మన లెక్కలో.

నన్ను ఇందులోకి దింపింది మా వీధి చివర ఉండే డాక్టరు గారు. తెనాలి వైపు మనిషి, ఈ ఊరు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. వచ్చిన కొత్తలో తోటి సర్జన్ ఎవరో వేటకు తీసుకెళితే అలవాటైందట. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చేసరికి చేతులు వణకడం మొదలైంది. చాయ్ కప్పు సాసర్‌లో పెట్టేటప్పుడు టకటకమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినపడనట్టు నటించడం మా వీధిలో అందరికీ అలవాటే.

ఇక్కడ పెద్ద చెవుల జింకల్లో, అంటే మ్యూల్ డీర్‌లలో, మగదాన్ని వేటాడాలంటే ప్రభుత్వం తీసే డ్రాలో పేరు రావాలి. ఏళ్ల తరబడి అప్లై చేస్తూ ఉండాలి. గ్రీన్‌కార్డు కోసం అమెరికాలో క్యూలో నిలబడ్డవాణ్ని కాబట్టి ఈ పద్ధతి నాకు బాగానే అర్థమైంది. డాక్టరు గారికి పిలుపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చేసరికి చేతులు ఇలా అయ్యాయి. భాగస్వామిగా ఇంకొకరి పేరు రాసుకోవచ్చు. ఇద్దరిలో ఎవరు కొట్టినా జింక ఒక్కటే. ఆయన నా పేరు రాశారు.

"ఇదే నా ఆఖరిదోయ్. మళ్లీ డ్రా వచ్చేసరికి నేనుండను," అన్నారు. "ఒక్కటే షరతు. మొదటి దెబ్బకే పోవాలి. దానికి తెలియకూడదు. నా సర్వీసంతా మనిషికి నొప్పి తెలియకుండా చూశాను. ఆఖర్న ఒక జంతువుని ఏడిపించి ఇంటికి రాలేను."

"అంకుల్, మీరు నాకు వదిలేయండి," అన్నాను. ఏ ప్రాజెక్టు మునిగిపోయే ముందైనా మా ఆఫీసులో వినపడే మొదటి మాట అదే.

క్యాలిబర్ అంటే బుల్లెట్ లావు. అంతే. ఆ ఒక్క ముక్క మీద ఇంటర్నెట్‌లో జరిగే యుద్ధాలు చూస్తే మన కుల సంఘాలు కూడా సిగ్గుపడతాయి. త్రీ నాట్ ఎయిట్ వాళ్లు సిక్స్ పాయింట్ ఫైవ్ వాళ్లను ఫ్యాషన్ గాళ్లంటారు. సిక్స్ పాయింట్ ఫైవ్ వాళ్లు థర్టీ నాట్ సిక్స్ వాళ్లను తాతలంటారు. ఎక్కువ మందు దట్టించే మాగ్నమ్ వాళ్లు ఎవరితోనూ మాట్లాడరు, భుజానికి ఐసు పెట్టుకుంటూ కూర్చుంటారు. బుల్లెట్ బరువు మళ్లీ గ్రెయిన్లలో, మన కంసాలి గురివింద గింజలు వేసి తూచినట్టు. నూట ఇరవై తొమ్మిదా, నూట నలభయ్యా, నూట నలభై మూడా అని నేను వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

నా షీటులో వేగం, శక్తి, ఐదువందల దూరంలో బుల్లెట్ ఎంత కిందకి పడుతుంది, గాలికి ఎంత పక్కకి పోతుంది, భుజానికి ఎంత తన్నుతుంది, అన్నీ ఉన్నాయి. పదహారో కాలమ్ రీసేల్ వాల్యూ. ఇంకా కొనలేదు, అమ్మేటప్పుడు ఎలా ఉంటుందోనన్న దిగులు మాత్రం ముందే వచ్చేసింది. ప్రతి కాలమ్‌కీ ఇంత శాతం అని ప్రాధాన్యం ఇచ్చాను. మొదటిసారి లెక్క వేస్తే డాక్టరు గారి పాత థర్టీ నాట్ సిక్స్ పైకి వచ్చింది. అది నాకు నచ్చలేదు. శాతాలు మార్చాను. నాలుగుసార్లు మార్చాక, మొదటి రోజు షాపులో చూసి మనసు పడ్డ సిక్స్ పాయింట్ ఫైవే మొదటి ర్యాంకులో నిలబడింది. నిష్పక్షపాతంగా ఎంచుకున్నానన్న తృప్తితో దాన్నే కొనేశాను.

మిస్సిసాగాలో నా ఇంజనీరింగ్ క్లాస్‌మేటు ఒకడున్నాడు. వాడు జింకను చూసింది ఒక్కసారి, హైవే పక్కన, కారులోంచి. అయినా వీడియోలు చూసి చూసి నా కన్నా ముదిరిపోయాడు. రోజూ సాయంత్రం ఫోను.

"మామా, మామూలు బుల్లెట్ తీస్కోకు. పొడుగ్గ, ముక్కు సన్నగ ఉన్నది తీస్కో. గాలిని కోస్కుంట పోతది. ఆరువందలకైనా పడేస్తది."

"డాక్టరు గారు మెత్తని సీసం ముక్కుది వాడతార్రా. లోపలికెళ్లి వెంటనే విచ్చుకోవాలంటారు."

"అదంతా ఓల్డ్ జనరేషన్ మామా."

డాక్టరు గారు మాత్రం నా షీటును ఒకసారి కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చూశారు. పంతొమ్మిది కాలమ్‌లూ చూశాక, "నువ్వెక్కడున్నావోయ్ ఇందులో?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. ఆయన వంటగదిలోంచి ఒక పేపర్ ప్లేటు తెచ్చారు, పుట్టినరోజు పార్టీల్లో కేకు పెట్టేది.

"దీన్ని నూరు మీటర్ల దగ్గర పెట్టు. కింద కూర్చుని ఐదు కొట్టు. ఐదూ ప్లేటులో పడితే ఇంకో పాతిక మీటర్లు వెనక్కి జరుగు. ఎక్కడ ఒక్కటి బయటికి పోయిందో అక్కడికి ఆగిపో. దాని ముందుదే నీ దూరం. తుపాకీ దూరంతో నీకు పని లేదు. ఒక్క శనివారం రావోయ్, పోదాం."

ఆగస్టులో పిలిచారు, తుపాకీ మీద బిగించి గురి చూసే స్కోపు ఇంకా రాలేదన్నాను. సెప్టెంబరులో పిలిచారు, బుల్లెట్ మారుస్తున్నానన్నాను. అక్టోబరులో పిలిచారు, ఆఫీసులో రిలీజు ఉందన్నాను. నిజం ఏమిటంటే పేపర్ ప్లేటు నాకు నామోషీగా అనిపించింది. నేను మాత్రం ఒక్కణ్నే మూడుసార్లు కాల్పులు నేర్చుకునే రేంజికి వెళ్లి, బల్ల మీద సంచులు పేర్చి, వాటి మీద రైఫిల్ ఆనించి, నూరు మీటర్ల దగ్గర కాగితానికి బెజ్జాలు పెట్టి వచ్చాను. మిగతా దూరాలన్నీ ఒక వెబ్‌సైటు లెక్కగట్టి పెట్టింది. ఎంత దూరానికి స్కోపు మీది మరను ఎన్ని గీతలు తిప్పాలో ఒక చిన్న కార్డు ప్రింట్ తీసి, లామినేట్ చేయించి, రైఫిల్ పిడికి అంటించాను. లామినేషన్ బాగా కుదిరింది.

నవంబరులో వెళ్లాం. ఊరికి మూడు గంటల దూరం, గోధుమ కోసేసిన చేలు, మధ్యలో నేల చీలినట్టు లోతైన వాగు లోయలు. మైనస్ పద్నాలుగు. డాక్టరు గారు ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో ఉప్మా తెచ్చారు. నా రైఫిల్ చూసి, "ఇది జింక కోసమా, చంద్రుడి కోసమా?" అన్నారు. ఆయన పాత తుపాకీ కర్ర పిడి మీద రంగు పోయి, చెయ్యి పట్టే చోట నున్నగా అయిపోయి ఉంది. అలవాటు కొద్దీ తెచ్చానన్నారు.

తొమ్మిదిన్నరకు కనిపించింది. లోయకు అవతలి ఒడ్డున, పక్కకు తిరిగి నిలబడి ఉంది. ఎంతేసి కొమ్ములు! దూరం కొలిచే లేజర్ పెట్టి చూశాను. నాలుగు వందల పన్నెండు.

"మరీ దూరం," అన్నారు డాక్టరు గారు మెల్లిగా. "గాలి అటునుంచే వస్తోంది, మన వాసన దానికి అందదు. ఇలా దిగి, వాగు పక్కనుంచి పోదాం. నూట యాభైకి చేరతాం. నాకు టైం పడుతుంది గానీ చేరతాం."

"అంకుల్, దీనికి ఇది లెక్కే కాదు."

ఆయన నా వంక చూశారు. ఆ చూపును అప్పుడు ఒప్పుకోలు అనుకున్నాను, అలా అనుకోవాలని ఉంది కాబట్టి. పడుకున్నాను, కార్డు చూశాను, నాలుగు వందల పన్నెండుకు ఎన్ని గీతలో అన్ని తిప్పాను, కాల్చాను.

జింక ఎగిరి పడలేదు. ఒక్కసారి ముడుచుకుంది. తర్వాత మూడు కాళ్ల మీద పరిగెత్తింది. నాలుగో కాలు ఊగుతోంది. లోయలోకి దిగి కనపడకుండా పోయింది. డాక్టరు గారు కోటు చెయ్యి పైకి లాగి వాచీ చూసుకున్నారు.

"పద," అన్నారు.

ఒక మోకాలు మార్పించుకున్న మనిషి ఆ మంచులో లోయ దిగుతుంటే వెనక నేను. పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నారు. మంచు మీద ఎర్రటి చుక్కలు, ఒకచోట దగ్గర దగ్గరగా, ఒకచోట దూరం దూరంగా. ఒకచోట అది నిలబడి వెనక్కి చూసినట్టుంది, అక్కడ అరచేతంత మడుగు. నాకు వెళ్లి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఏడుపు వచ్చింది, చలికి కళ్లు కారుతున్నాయన్నట్టు తుడుచుకున్నాను. ఆయన మాత్రం తల వంచి, చుక్క తర్వాత చుక్క చూసుకుంటూ నడిచారు. రెండుసార్లు కూర్చుండిపోయి, రొప్పు తగ్గాక మళ్లీ లేచారు.

వాగు ఒడ్డున ఎండిపోయిన పొదల్లో పడుకుని ఉంది. తల మాత్రం పైకే ఉంది. మమ్మల్నే చూస్తోంది. డెబ్బై అడుగులు కూడా లేదు.

"నువ్వు కొడతావా?" అని అడిగారు.

నా చేతులు చూసుకున్నాను. ఆ పూట మా ఇద్దరిలో ఎక్కువ వణుకుతున్న చేతులు నావే. తల అడ్డంగా ఊపాను.

ఆయన మంచులో కూర్చున్నారు. పాత తుపాకీ పట్టీని మోచేతికి చుట్టుకుని, రెండు మోచేతులూ మోకాళ్ల మీద ఆనించారు. గొట్టం చివర ఊగుతోంది. ఆయన ఊపిరి వదిలి ఆగారు. ఊగడం తగ్గింది, తగ్గింది, ఆ తర్వాత చప్పుడు. జింక తల నేల మీద వాలింది. ఆయన లేచి దగ్గరికి వెళ్లి, వంగి, చూపుడువేలితో దాని కనురెప్ప వెంట్రుకల్ని తాకి చూశారు. నలభై ఏళ్లు ఆపరేషన్ బల్ల దగ్గర మనిషికి పూర్తిగా మత్తు ఎక్కిందా లేదా అని ఆయన అలాగే చూసేవారట. కనురెప్ప కదల్లేదు. అప్పుడు వాచీ చూసుకున్నారు.

"నలభై మూడు నిమిషాలు," అన్నారు.

తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ని; గాలి అనో, చలికి తూటాలో మందు సరిగా మండలేదనో.

మాంసం బండికి ఎక్కించాక, ఆయన కాఫీ తాగుతుంటే నేను రైఫిల్ పిడికి అంటించిన కార్డును చూస్తూ కూర్చున్నాను. మూలన చీమంత అక్షరాల్లో ఉంది. గజాలు. లేజర్ చెప్పింది మీటర్లు. ఈ దేశంలో రోడ్డు కిలోమీటర్లలో, మనిషి ఎత్తు అడుగుల్లో, బయటి చలి సెల్సియస్‌లో, ఒవెన్ ఫారెన్‌హీట్‌లో ఉంటుందని కొత్తగా వచ్చినవాళ్లందరికీ జోకులేసి చెప్పేవాణ్ని నేనే. నాలుగు వందల పన్నెండు మీటర్లంటే నాలుగు వందల యాభై గజాలు. ఆ తేడాకి బుల్లెట్ జానెడు కిందకి పడింది. గుండె మీద పెట్టిన గురి కాలికి తగిలింది. పంతొమ్మిది కాలమ్‌లు కట్టినవాడికి ఒక్క కాలమ్ హెడ్డింగ్ చదవడం చేతకాలేదు.

చెప్పేశాను. దాచితే ఇంకా నీచంగా ఉండేది.

"ప్లేటు పెట్టి కొట్టి ఉంటే ఈ గజాల సంగతి అక్కడే తెలిసేదోయ్. కాగితానికి నొప్పి పుట్టదు," అన్నారు డాక్టరు గారు. తర్వాత ఎడ్మంటన్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఆయన ఆఖరి వేటను నేను ఏం చేశానో నాకు తెలుసు.

ఆ వారం మిస్సిసాగా నుంచి ఫోను. "ఏమైంది మామా, ఆరువందలకి పడేసినవా?" జరిగింది చెప్పాను. "అయితే సెవెన్ ఎమ్మెమ్ మాగ్నమ్ తీస్కోవాల్సుండె," అన్నాడు. ఫోను పెట్టేశాను.

మంచు కరిగాక, ఏప్రిల్ నుంచి ప్రతి శనివారం వెళ్లాను. బల్ల లేదు, సంచులు లేవు, నేల మీద కూర్చోవడమే. మొదటి రోజు నూరు మీటర్ల దగ్గర ఐదింటిలో రెండు ప్లేటు బయటే పోయాయి. అంటే నా దూరం నూరు కూడా కాదు. నాలుగు వందల పన్నెండు దగ్గర ప్రాణంతో ఆడుకున్నవాడి అసలు సత్తా అది. జులై ఆఖరుకి నూట యాభై దగ్గర ఐదూ ప్లేటులో పడ్డాయి. నూట డెబ్బై ఐదు దగ్గర ఒకటి పోయింది. ఆగిపోయాను.

ఆ ప్లేటు పట్టుకుని డాక్టరు గారింటికి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని ఐదు బెజ్జాలూ వేలితో తడిమి చూశారు. వెలుగుకి ఎత్తి చూశారు.

"మీటర్లా, గజాలా?"

"టేపు పెట్టి కొలిచానంకుల్. మీటర్లే."

చాయ్ కప్పు సాసర్‌లో టకటకమంది. "ఈసారి డ్రాకి నీ పేరు మీద అప్లై చెయ్యి," అన్నారు. "ఎన్నేళ్లయినా పట్టనీ."

"వస్తే మీరు వస్తారా అంకుల్?"

"ఉంటే వస్తా," అన్నారు ఆయన, ప్లేటు నా చేతికి తిరిగిచ్చేస్తూ. "వాచీ నా దగ్గరే ఉంటుంది."