ల్యాంప్ అక్కర్లేదన్నారు

"ల్యాంప్ అక్కర్లేదు. పగటి వెలుగు చాలు. పది నిమిషాల్లో గాజులా మెరిసే గోళ్ళు."

ఒక చిన్న ఎర్ర సీసా అట్టపెట్టె మీద ఈ మాట అచ్చేసి ఉంది. మొన్న శుక్రవారం ఆ మాట నమ్మిన పాపానికి మా అమ్మ నా స్కూటర్ వెనక కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి, మా హిందీ ఊళ్ళోని సుపేలా బజారు మీదుగా ఊరేగాల్సి వచ్చింది. అయినా చివరికి గెలిచింది మేమే. ఎలాగో చెబుతాను, టీ తాగుతూ వినండి.

ముందు ఒక ఒప్పుకోలు. గోళ్ళ రంగుకు వ్యతిరేకంగా నేను మాట్లాడని సభ లేదు. సభ అంటే మా సెక్టార్ టీ బండి దగ్గర నలుగురు. "అలంకారం అంటే బానిసత్వానికి వేసిన పై పూత" అని నేను అన్నప్పుడల్లా బండి భయ్యా తల ఊపేవాడు. అతను అందరికీ ఊపుతాడు.

అలాంటి నన్ను శుక్రవారం మధ్యాహ్నం అమ్మ పిలిచి ఆ సీసా చేతిలో పెట్టింది.

అమ్మ నర్సు. ముప్పై నాలుగేళ్ళు చేసింది. నర్సులకు గోళ్ళ రంగు కూడదు. ఆ సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి హాల్లో అమ్మకు వీడ్కోలు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, రంగు వేసిన చేతులతో ఆ గుమ్మం దాటాలని అమ్మ కోరిక.

"కుడి చేతికి నేనేసుకోలేను. నువ్వెయ్యి."

"పార్లర్‌కి వెళ్ళొచ్చు కదమ్మా. అక్కడ ల్యాంప్ కింద ఆరబెడతారు."

"కామెర్లొచ్చిన పసిపిల్లల్ని ల్యాంప్ కింద పడుకోబెట్టినదాన్నిరా నేను. ఇప్పుడు నేనెళ్ళి పడుకోవాలేటి?"

"అది కాదమ్మా, ఇదంతా మార్కెట్టు మన మీద..."

"ముప్పై నాలుగేళ్ళు ఎవరో ఒక మేట్రన్ నా గోళ్ళు తనిఖీ చేసింది. ఇప్పుడు నువ్వు కూడా మొదలెట్టావేటి?"

ఒక శ్రామికురాలి పది గోళ్ళ మీద ఇన్నేళ్ళుగా వేరేవాళ్ళ పెత్తనం నడిచింది, నేను టీ బండి దగ్గర ఎవరి మీదో అరుస్తున్నాను. అక్కడికక్కడే నినాదం మార్చాను. నా గోరు, నా హక్కు.

కుంచె పట్టాను. పెట్టె మీద పల్చగా రెండు పొరలు వేయమని ఉంది. పిసినారితనం నాకు గిట్టదు, మందంగా మూడు వేశాను. పైగా పంపకంలో వివక్ష ఉండకూడదని పది గోళ్ళకూ సమానంగా వేశాను. బొటనవేలికెంతో చిటికెన వేలికీ అంతే. అవసరాన్ని బట్టి పంచాలన్న సంగతి, రంగు చిటికెన వేలి అంచు దాటి కిందికి కారుతున్నప్పుడు గుర్తొచ్చింది.

పది నిమిషాలయ్యాయి. ఆరలేదు. ఇరవై. ఆరలేదు.

"వెలుగులోకి ఎల్దాం" అని అమ్మ లేచింది. మా గుమ్మం పక్కన చేతులకు రాసుకునే స్పిరిట్ సీసా వేలాడుతుంటుంది. వార్డు తలుపైనా ఇంటి తలుపైనా, గుమ్మం దాటితే అమ్మ చెయ్యి దానంతటదే ఆ సీసా నొక్కుతుంది. నొక్కింది. రెండు చేతులూ శుభ్రంగా, వేళ్ళ సందులతో సహా, రుద్దుకుంది కూడా.

చేతులు టమాటా పచ్చడి కలిపినట్టయ్యాయి.

తుడిచి మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ మూడు పొరలే. ఓటమి నుంచి పాఠం నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఈసారి స్పిరిట్ సీసా దాచేసి, అమ్మను పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చేతులు మోకాళ్ళ మీద, గోళ్ళు ఎండకి. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను పక్కన మెట్టు మీద వీడ్కోలు ఉపన్యాసం రాసుకుంటున్నాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. స్టీలు ప్లాంట్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. ఇంట్లో ఏ సమస్యకైనా ఆయన పరిష్కారం గ్రైండర్. సభ అయ్యాక అమ్మ స్నేహితురాళ్ళు భోజనానికి వస్తారు, పెరటి గేటు కిర్రుమంటే బాగుండదని, ఆ గేటు బందు ఊడదీసి, మాకు వీపు పెట్టి గ్రైండింగ్ మొదలెట్టాడు. ఆ మోతకు నాకు ఆవేశం పెరిగి రెండు పేజీలు రాసేశాను.

తలెత్తి చూస్తే అమ్మ గోళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. గాలి మా వైపే ఉంది. తడి రంగు మీద ఇనుప రజను పొరలా అంటుకుపోయింది.

నాన్న కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. "సిస్టర్ గారూ, నేను చూసుకోలేదు." తప్పు చేసినప్పుడు అమ్మ ఆయనకు సిస్టర్ గారే.

అమ్మ ఆయన్ని తిట్టలేదు. అప్పుడు నాకు భయమేసింది. టైము మూడున్నర. "పది వేళ్ళకీ బ్యాండేజీ కట్టుకుని ఎల్తాను" అంది నెమ్మదిగా.

"వద్దమ్మా. ఇంకా తడిగానే ఉంది, దారిలో తుడిచేద్దాం" అనబోతుంటే, తుడిచే మందు మొదటిసారి తుడిచినప్పుడే అయిపోయిందని గుర్తొచ్చింది. "ఇలాగే వెళ్దాం. చేతులు పైకెత్తి కూర్చో."

సుపేలాలో ట్రాఫిక్ ఆగింది. పక్కన ఆటో అతను అమ్మ చేతుల్ని, నన్ను అనుమానంగా చూశాడు. "మాతాజీ, కిసీనే లూటా క్యా?"

"నహీ బేటా, సూఖ్ రహా హై" అంది అమ్మ. ఎవరూ దోచలేదు, ఆరుతోంది.

హాల్లో అమ్మ చేతులు కొంగు కింద దాచేసింది. నా ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. శాలువా కప్పి, పువ్వులిచ్చినప్పుడు రెండు చేతులూ బయటికి తీయక తప్పలేదు. స్టేజి లైట్లు పడ్డాయి. పది గోళ్ళూ వెండి చల్లినట్టు తళతళలాడాయి.

ఉతై అనే పక్క ఊరి నుంచి వచ్చే కుర్ర నర్సు సునీత ముందు చూసింది. "దీదీ, యే గ్లిటర్ కహా సే? కౌన్సా పార్లర్?" ఆ మెరుపు ఏ పార్లర్‌దో చెప్పమని వెంటనే ఐదారుగురు మూగారు. మేట్రన్ అందరినీ తప్పించుకుని వచ్చి, అలవాటు కొద్దీ అమ్మ చెయ్యి పట్టుకుని, కళ్ళద్దాలు దించి, ఒక్కో గోరూ తనిఖీ చేసింది.

"నాకూ వేయించు సిస్టర్" అంది చివరికి. "నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది, ఆ రంగు దాచి ఉంచు."

అమ్మ అప్పుడు తనంతట తానే రెండు చేతులూ పైకెత్తింది. ఈసారి ఆరబెట్టడానికి కాదు. మా వెనకే ఆటోలో వచ్చిన నాన్న, మూడో వరసలో పక్కాయనతో అంటున్నాడు: "ఫినిషింగ్ నాదే."

ఆదివారం గిన్నెలు కడిగాక అమ్మ గోళ్ళు నారింజ రంగుకి తిరిగాయి. తుప్పు. నాన్న పరిశీలించి, "మైల్డ్ స్టీలు మరి. స్టెయిన్‌లెస్ అయితే పట్టేది కాదు" అన్నాడు.

ఆ కంపెనీకి ఉత్తరం రాశాను. పది నిమిషాలన్న మీ మాటకు ఒక శ్రామికురాలు రెండు గంటల జీవితాన్ని చెల్లించిందని రాశాను. సమాధానం చెప్పేదాకా వదలనన్నాను. అసలు ప్రశ్న కింద రాశాను: ఇనుప రజను మీద తుప్పు పట్టకుండా వేసే పై పూత మీ దగ్గర ఉందా? ఇరవై ఒకటిన సునీత పెళ్ళి. పెళ్ళికూతురికీ, ముగ్గురు స్నేహితురాళ్ళకీ గోళ్ళకు రంగు వేయాల్సింది నేనే. గ్రైండ్ చేయడానికి నాన్న స్టెయిన్‌లెస్ పైపు ముక్క తెచ్చి పెట్టుకున్నాడు, అయినా పై పూత ఉంటేనే నాకు ధీమా. కాబట్టి కంపెనీవారి జవాబు నా చేతికి అందాల్సిన ఆఖరి గడువు, ఈ నెల ఇరవయ్యో తారీఖు.