మేస్త్రికి తూకం

కాటా మీద పెట్టి చూడనిదే వీరేశం దేన్నీ నమ్మడు. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు తూచీ తూచీ జుట్టు నెరిసిన మనిషాయె. మిల్లువాళ్లు పాత కాటా తీసేస్తుంటే తెచ్చి ఇంటి వరండాలో పెట్టుకున్నాడు. గ్యాసు బండ, లడ్డూల బుట్ట, ఊరెళ్లే చుట్టాల సంచీ, అన్నీ దాని మీదికెక్కాల్సిందే. వియ్యంకుణ్ణి కూడా "జర ఎక్కుండ్రి బావా" అని ఎక్కించిన ఘనుడు.

కోదాడ నుంచి తార కోడలిగా కాపురానికొచ్చిన రోజే, "బిడ్డా, ఒక్కసారి కాటా ఎక్కరాదు" అన్నాడు.

"నేనేమన్నా బియ్యం బస్తానా మామయ్యా?" అని తార చరచరా లోపలికెళ్లిపోయింది. అత్త రుక్కమ్మ నెత్తి కొట్టుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తే ధైర్యం వీరేశానికి లేకపోయింది.

2009 వానాకాలంలో తారకు టైఫాయిడ్ వచ్చి, పోతూ పోతూ ఒంట్లో కండంతా పట్టుకుపోయింది. బరువు పెరిగితేనే సూర్యాపేట బీఎడ్ కాలేజీకి వెళ్లాలని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. తార ప్రాణమంతా ఆ కాలేజీ మీదే. ముద్ద మాత్రం గొంతు దిగదు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్నాను మామయ్యా."

"మరి ఒళ్లు చేసినట్టు లేదేంది?"

"చేశానండీ, మీకే కనిపించట్లేదు."

అబద్ధం. పళ్లెంలో అన్నం మెల్లగా మేస్త్రి గిన్నెలోకి జారిపోయేది. మేస్త్రి అంటే ఆ ఇంటి కుక్క. బుల్లి శాల్తీ. ఎవరు పనిచేస్తున్నా పక్కన నిలబడి చూడ్డం తప్ప ఇంకో పని ఎరగదు కనుక ఆ పేరు. అన్నం తినీ తినీ అది సొరకాయలా ఊరి, ఒళ్లంతా గోక్కోవడం మొదలెట్టింది.

"అన్నం బంద్," అన్నాడు పశువుల డాక్టరు. "పచ్చి మాంసానికి అలవాటు చెయ్యండి. ఒక్కసారే వద్దు, మెల్లమెల్లగ. వారం వారం తూచి పాళ్లు మార్చుకోండి."

వారం వారం తూకం! వీరేశానికి ఇంకేం కావాలి?

"బిడ్డా, నా దగ్గర నిలవదిది. నువ్వు కాటా మీద స్టూలేసుకొని ఒళ్లె కూసోపెట్టుకో."

తార కూర్చుంది. వీరేశం చూశాడు. "ఇగ కుక్కను దించి నువ్వుండు."

"నన్నెందుకు తూచడం?"

"నీ బరువు తీసెయ్యకపోతే దాని లెక్కెట్ల తేలుతది?"

కాదనడానికి లేదు. మొదటి వారం పచ్చి చికెన్ కాస్త ఎక్కువైంది, మేస్త్రి కడుపు జారింది. వీరేశం సగానికి కోశాడు. తర్వాత డొక్కలు తేలాయి, కొంచెం పెంచాడు. దురద తగ్గి మేస్త్రి నిగనిగలాడింది. ఇక అక్కడితో ఊరుకోవచ్చు కదా! "ఇగ లివర్ గూడ పెట్టాలె" అంటూ గిన్నె నిండా తెచ్చాడు.

"కుక్కకు చిటికెడు, మనకు గిన్నెడా?" అంది రుక్కమ్మ.

"దుకాణపాయన ఎక్కువ తూచిండే. మిగిలింది పిల్లకు వేపు."

"నువ్వు? తూకంల మోసపోయినవా?" రుక్కమ్మ నోరు తెరిచింది.

తార ఓ ముక్క మేస్త్రి వైపు జరపబోతే వీరేశం కస్సుమన్నాడు. "నీ పళ్లెంలది దానికేస్తే నా లెక్కంత ఖరాబైతది!" చేసేది లేక తారే తినేది. తినగా తినగా ఆకలి తిరిగొచ్చింది.

ఒక సాయంత్రం తార పక్కింటి నుంచి వచ్చేసరికి మేస్త్రి ఒక్కతే కాటా మీద బుద్ధిగా కూర్చుని ఉంది. వీరేశం బరువు చూసి, "శాబాష్" అని చికెన్ ముక్క అందిస్తున్నాడు.

"మామయ్యా, ఇది ఒక్కతే కూర్చుంటుందా?"

వీరేశం ఉలిక్కిపడ్డాడు. "కూసుంటది."

"ఎప్పట్నుంచి?"

"మొదటి నుంచే."

"మరి వారం వారం నన్నెందుకండీ ఎక్కించారు?"

వీరేశం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "కుక్కను దించితే మిగిలేది నువ్వే కద బిడ్డా."

తారకు నవ్వొచ్చింది. మేస్త్రిని దించి తనే స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడు సరిగ్గా చెప్పండి. కాలేజీకి పోవచ్చా?"

వీరేశం వంగి చూశాడు. ఎవరి కోసమైనా అంకె మార్చే మనిషి కాదు.

"ఇంక జర తక్కువున్నవ్." కోడలి మొహం చూసి సర్దుకున్నాడు. "మేస్త్రితోని కలిపితే ఇయ్యాల్నే పోవచ్చు."

పేరు వినబడగానే మేస్త్రి ఎగిరి తార ఒళ్లో కూర్చుంది.

"అత్తయ్యా," తార వంటింటి వైపు తిరిగి కేకేసింది, "లివర్ ఇంకా మిగిలిందా?"